పుర్రచెయ్యి

చెల్లీ, మొన్న పెళ్లిలో భోజనాల దగ్గర నువ్వు గొంతు తగ్గించి చెప్పిన మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. పాప కనిపించిన గిన్నెనల్లా వాయిస్తోందనీ, అది కూడా ఎడంచేత్తోననీ, "మా అత్తగారింటివాళ్లు ఏమంటారో అక్కా" అనీ అన్నావు. చుట్టూ జనం ఉన్నారని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, విను.

నాదీ పుర్రచేతివాటమే. నువ్వెప్పుడూ గమనించి ఉండవు, ఎందుకంటే అన్నం కుడిచేత్తోనే తింటాను, కుడిచేత్తోనే రాస్తాను. అలా తయారుచేసింది మా మామ్మ. ఎడంచెయ్యి కంచంలోకి వెళ్లబోతే వేపాకు ముద్ద రాసేది. అప్పటికీ మాట వినకపోతే పాత చీర పేలికతో ఆ చేతిని నడుముకి కట్టేసేది. కోపంతో చేసింది కాదు పాపం, అత్తారింట్లో ఆడపిల్ల ఎడంచేత్తో వడ్డిస్తే మాటపడుతుందని భయం. ప్రసాదం ఆ చేత్తో పట్టకూడదు, డబ్బు ఆ చేత్తో ఇవ్వకూడదు. చేసిన పని నచ్చకపోతే "ఎడంచేత్తో చేశావా" అంటాం కదా, ఆ మాట పడ్డప్పుడల్లా నా చెయ్యి నాకే పరాయిదైనట్టుండేది.

ఎనిమిదేళ్లప్పుడు అనుకుంటాను. మా ఊళ్లో జాతర రోజున డప్పులవాళ్లు గడ్డిమంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. వేడి తగిలేకొద్దీ తోలు బిగుస్తుంది, అప్పుడే ఖంగుమని పలుకుతుంది. మధ్యమధ్య వేలితో కొట్టి చూసుకుంటున్నారు. నేను పక్కన నిలబడి మంట వంక కాదు, వాళ్ల చేతుల వంక చూస్తున్నాను. కుడిచేతిలో పొట్టిగా, మందంగా ఒక కర్ర, ఎడంచేతిలో సన్నగా, పొడుగ్గా ఒక పుల్ల. తెలంగాణలో వాటిని సిర్ర, సిటికెన పుల్ల అంటారు. మందపాటిది దెబ్బ వేస్తుంటే, సన్నది ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్యనున్న చోటంతా చిటచిటమని నింపుతుంది. ఆ సన్న పుల్ల ఆగిపోతే డప్పు సగం మూగబోతుంది.

నా చూపు చూసి ఒక పెద్దాయన నవ్వి పుల్ల చేతికిచ్చాడు. నేను ఎడంచెయ్యి చాచాను. చాచాక భయమేసి వెనక్కి తీసుకోబోయాను. "ఇది ఆ చేతిదేనమ్మా" అన్నాడాయన. ఆ చెయ్యి చెయ్యాల్సిన పని ఒకటుందని నా జీవితంలో మొదట చెప్పిన మనిషి ఆయనే.

ఇంటికెళ్లాక నాకు తలస్నానం చేయించారు. తోలు ముట్టుకున్నానని, వాళ్లు ముట్టుకున్నది ముట్టుకున్నానని. ఆనాడు ఎందుకో అర్థం కాలేదు. అర్థమయ్యే వయసొచ్చాక ఆ నీళ్లు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మృదంగానికి కూడా ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు కావాలి. దాన్ని దేవుడి గదిలో పెట్టి బొట్టు పెడతాం. డప్పుని మాత్రం వీధిలోనే నిలబెట్టాం.

నేను మృదంగం ముందు కూర్చున్నది 35 ఏళ్లకి, పిల్లలు బడికి పోవడం మొదలెట్టాక. చిన్నప్పుడు అడిగితే "ఆడపిల్లకి మృదంగమేంటి, పాట నేర్చుకో" అన్నారు. ఆ మాట అన్నవాళ్లెవరికీ దండమూడి సుమతి గారి సంగతి తెలియదనుకుంటాను. ఏలూరులో పుట్టి, తండ్రి నిడుమోలు రాఘవయ్య గారి దగ్గర చిన్నప్పుడే మృదంగం పట్టిన మనిషి ఆవిడ. 2021లో పద్మశ్రీ వచ్చింది. వేదిక మీద ఆవిడ చీర కొంగు దోపుకుని కూర్చుని మొదటి దెబ్బ వేసినప్పుడు, మా కాలం ఆడవాళ్లం ఎందరం వెన్ను నిటారు చేసుకుని కూర్చున్నామో.

మాస్టారు మొదటిరోజు నా చేతులు రెండూ చూపించమన్నారు. తర్వాత చప్పట్లు కొట్టమన్నారు. ఏ చెయ్యి పైన పడుతోందో చూసి, "ఎడంచేతివాటమా అమ్మా?" అని అడిగారు. దొంగతనం బయటపడ్డట్టు తలదించుకున్నాను. ఆయన మాత్రం, ఉన్నట్టుండి పళని సుబ్రహ్మణ్య పిళ్ళై గారి కథ ఎత్తుకున్నారు.

చెల్లీ, ఆయన కథ నువ్వు పాపకి తప్పకుండా చెప్పాలి. పాల్ఘాట్ మణి అయ్యర్ గారితో సరిసమానంగా పేరు చెప్పుకునే మృదంగ విద్వాంసుడు, 1962లో పోయారు. ఆయన ఎడంచేతివాటం. మృదంగాన్ని తిప్పి పెట్టుకుని, అందరూ కుడిచేత్తో వాయించే మూతని ఎడంచేత్తో వాయించేవారు. ఇందులో కష్టమేమిటంటే, కచేరీలో గాయకుడికి కుడిపక్క మృదంగం, ఎడమపక్క వయొలిన్ ఉండడం ఆనవాయితీ. అలా కూర్చుంటేనే మృదంగం కుడి మూత సభవైపు తిరిగి ఉంటుంది. ఎడంచేతివాటం ఆయనకి అదే మూత సభవైపు రావాలంటే ఎదురుపక్కకి మారాలి. అంటే వయొలిన్ విద్వాంసుడు లేచి చోటివ్వాలి. లేవడానికి ఇష్టపడనివాళ్లుండేవారు. అంత పెద్ద విద్య, కూర్చునే చోటు దగ్గర ఆగిపోయింది! చెంబై వైద్యనాథ భాగవతార్ గారు పట్టుబట్టి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాత రికార్డింగులు దొరికితే విను. ఆయన తొప్పి మీద పలికించిన గుంకీ వింటే కడుపులో ఏదో కదులుతుంది.

తొప్పి అంటే ఎడమ మూత. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను మృదంగంలో ప్రేమించింది ఈ మూతనే. కుడి మూతకి మధ్యలో నల్లటి కరణి ఉంటుంది. రాతిపొడిని అన్నంతో కలిపి పొరలు పొరలుగా రుద్దుతారు. మామూలు తోలు మీద కొడితే పుట్టే ధ్వనులు ఒకదానితో ఒకటి పొసగవు, ఈ కరణి వల్లే అవి శ్రుతిలో కలుస్తాయని సి.వి. రామన్ గారు 1920లో 'నేచర్' పత్రికలో రాశారు. ఎడమ మూతకి అంత సరంజామా లేదు. బొంబాయి రవ్వని నీళ్లతో ముద్ద చేసి, వాయించే ముందు మధ్యలో అంటిస్తాం. దాంతో గొంతు లోతుకి దిగుతుంది. ఆరిపోతే నాదం పలచనవుతుంది, కాస్త తడి చెయ్యాలి. కచేరీ అయ్యాక గీకేస్తాం. మళ్లీ వాయించేటప్పుడు మళ్లీ కొత్త ముద్ద. దెబ్బ వేసి, మణికట్టుతో నొక్కుతూ జరిపితే "గుమ్మ్" అని ఆ నాదం వంపు తిరుగుతుంది. అదే గుంకీ. దెబ్బలు లెక్కపెట్టడం ఎవరైనా నేర్పగలరు కానీ ఈ వంపు మాత్రం చేతిలో నెమ్మదిగా ఊరాల్సిందే.

"తిప్పి కూర్చుంటావా, అందరిలా కూర్చుంటావా?" అన్నారు మాస్టారు. వారం రోజులు ఆలోచించాను. చివరికి అందరిలా కూర్చున్నాను. మామ్మ పుణ్యమా అని కుడిచెయ్యికి పని అలవాటైంది, బలమైన చెయ్యి తొప్పి మీద ఉంటే మంచిదే అనుకున్నాను. "త ధి తోం నం" దగ్గర ఏడాది గడిచింది. 'తోం' ఎడంచేతిది, మొదటివారమే పలికింది. 'నం' కుడిచేతిది, చూపుడువేలు అంచు మీద పడాలి. అది ఖణేల్‌మని మోగడానికి నాకు నెలలు పట్టింది. తిప్పి కూర్చుని ఉంటే ఎలా ఉండేదోనని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అలా అనిపించినప్పుడు నాకు బీటిల్స్ బృందంలో డ్రమ్ములు వాయించిన రింగో స్టార్ గుర్తొస్తాడు. 1940లో లివర్‌పూల్‌లో పుట్టిన ఆయనా ఎడంచేతివాటమే. ఆయన్నీ కుడిచేత్తో రాసేలా మార్చింది నాయనమ్మే! ఎడంచెయ్యి అంటే అరిష్టమని ఆవిడ భయం. ఖండాలు దాటినా ముసలమ్మల భయం ఒకటే చూశావా. పెద్దయ్యాక ఆయన కుడిచేతివాటం వాళ్లకి అమర్చినట్టే ఉన్న డ్రమ్ముల వెనక కూర్చున్నాడు, కానీ మొదటి దెబ్బ ఎడంచేత్తో ఎత్తుకునేవాడు. ఒక డ్రమ్ము మీంచి ఇంకోదానికి అందరూ జారినంత సులువుగా చేతులు జారవు, చుట్టు తిరిగి వెళ్లాలి. ఆ తిరుగుడులోంచే ఎవరూ అనుకరించలేని ఆయన నడక పుట్టింది. 1969లో వచ్చిన 'కమ్ టుగెదర్' విను, తెలుస్తుంది.

కాబట్టి పాపని ఏ మాస్టారు దగ్గరికి తీసుకెళ్లినా ముందే చెప్పెయ్, దాచకు. రెండు రకాలుగానూ కూర్చోబెట్టి చూడమను. విసుక్కునే మాస్టారైతే ఇంకొకరి దగ్గరికి వెళ్లు. చేతికి పేలిక మాత్రం కట్టకు.

మామ్మ సంగతి చెప్పడం మరిచాను. ఆవిడకి 88 ఏళ్లప్పుడు నేను ఊరెళ్లి, మండువాలో చాప వేసుకుని మృదంగం ముందు కూర్చున్నాను. చూపు మందగించింది కానీ చెవులు బాగానే పనిచేసేవి. కాసేపు విని, "ఆ పెద్ద గొంతు ఏ చేతిదే?" అంది. ఎడంచేతిదన్నాను. ఏమీ అనలేదు. గిన్నెలో రవ్వ తడుపుతుంటే తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుని, గిన్నె తన ఒళ్లోకి లాక్కుంది. చలిమిడి పిసికినట్టు నెమ్మదిగా పిసికి, ముద్ద చేసి, నా ఎడం అరచేతిలో పెట్టింది.

"నీళ్లు ఎక్కువయ్యాయేమో చూసుకో" అంది.