ఊళ్ళో కేసు దోహా దాకా వస్తుందా?

కతార్ వచ్చేశాం కదా, ఊరి కేసు ఊళ్ళోనే ఉంటుందిలే అనుకునే అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారు. భూమి తగాదా కావచ్చు, భార్యాభర్తల గొడవ కావచ్చు, ఆ కేసు ఇప్పుడు స్టేషన్ రిజిస్టర్‌లోనే ఉండిపోదు.

2009లో కేంద్రం సీసీటీఎన్‌ఎస్ పథకాన్ని ఆమోదించింది. దేశంలోని పోలీస్ స్టేషన్ల ఎఫ్‌ఐఆర్‌లను కంప్యూటర్‌కెక్కించి కలపడం దీని పని. తర్వాత ఐసీజేఎస్ పేరుతో కోర్టులను, జైళ్ళను కూడా దీనికి జోడించారు.

ఇది మనకు తగిలేది పాస్‌పోర్ట్ దగ్గర. రెన్యువల్‌కో, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కో అప్లై చేస్తే పాత కేసు బయటపడుతుంది. 1967 పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్ట్ ఇవ్వకుండా ఆపవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. పాస్‌పోర్ట్ ఆగితే కతార్ ఐడీకి ఇబ్బంది, ఐడీ పోతే పనికే ఎసరు.

తప్పేమీ చేయనివాళ్ళకూ చిక్కు రావచ్చు. మన ఊళ్ళలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఎంతమందో! పేరు కలిసినంత మాత్రాన ఆ మనిషి మీరే అని కాదు. ఇంకో సంగతి, కేసు కొట్టేసినా స్టేషన్ రికార్డులో ఆ ముక్క ఎక్కకపోతే పాత బాకీలాగా కనబడుతూనే ఉంటుంది.

ఏం చేయాలి?

1. ఈ-కోర్ట్స్ యాప్ ఉచితం. అందులో మీ జిల్లా కోర్టు ఎంచుకుని పేరుతోగానీ, ఎఫ్‌ఐఆర్ నంబరుతోగానీ వెతకండి. కేసు కనబడితే దాని 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు రాసి పెట్టుకోండి.

2. కేసు ముగిసిందా? తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఇంటివాళ్ళ చేత స్టేషన్‌లో ఇప్పించి, అందినట్టు సంతకం తీసుకోమనండి.

3. పేరు పొరపాటైతే తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా రుజువులతో రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. నోటిమాట చాలదు.

4. కేసు దాచి అప్లై చేయొద్దు. అది ఇంకో తప్పవుతుంది.

ఇక్కడి లెక్క కూడా చూసుకోండి. 2024 సెప్టెంబర్ 1 నుంచి ట్రాఫిక్ జరిమానా బాకీ ఉన్నవాళ్ళు అది కట్టనిదే కతార్ దాటలేరు. డ్రైవర్ అన్నలు టికెట్ కొనకముందే మెట్రాష్ యాప్‌లో చూసుకోవాలి. సిమ్ మీ పేరు మీదే ఉండాలి, స్నేహితుడి సిమ్‌తో యాప్ పనిచేయదు.

సెలవుకు రెండు నెలల ముందే ఇవన్నీ చూసుకోండి. ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర తెలిస్తే టికెట్ డబ్బులూ పోతాయి, సెలవూ పోతుంది.