సీసపు బ్యాటరీ – దాని ఆయువు

ధాన్యమును గాదెలో నిలువచేసినట్లు విద్యుచ్ఛక్తిని నిలువచేయు సాధనము బ్యాటరీ. వాడిన పిదప మరల నింపుకొనదగిన బ్యాటరీలలో సీసపు బ్యాటరీయే మొదటిది. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగులకుండ చుట్టి, నీరు కలిపిన గంధకామ్లములో ముంచి దీనిని నిర్మించెను. నేటికిని మోటారు బండ్లలోను, ఇండ్లలోని ఇన్వర్టర్లకును ఇది ఉపయోగపడుచున్నది.

ఈ బ్యాటరీలో ఒక్కొక్క గది సుమారు 2 వోల్టుల నిచ్చును. ఆరు గదులు చేరిన 12 వోల్టుల బ్యాటరీ యగును. ప్రతి గదిలోను ధనపలకపై సీసపు డయాక్సైడును, ఋణపలకపై స్పంజివంటి మెత్తని సీసమును ఉండును. దీపము వెలుగుచున్నంతసేపు ఆమ్లము పలకలతో కలిసి రెండింటిపైనను సీసపు సల్ఫేటు ఏర్పడుచుండును. ఆమ్లము క్రమముగా పలుచబడును. చార్జి చేసినప్పుడు ఈ మార్పు వెనుకకు మరలును.

ఒక గ్రామమున ఒక గృహస్థుడు కరెంటు లేని రాత్రి దీపము, పంకా, టెలివిజను అన్నియు నడిపి, ఇన్వర్టరు తనంతట ఆగువరకు శక్తిని వాడెను. తెల్లవారుజామున మెయిన్ స్విచ్చి ఆపి, కుటుంబముతో ఊరికేగి, ఇరువది దినములకు తిరిగివచ్చెను. కుమార్తెకు పదవ తరగతి పరీక్షలు సమీపించినవి. బ్యాటరీని రాత్రియంతయు చార్జి చేసినను, కరెంటు పోయిన అరగంటకే ఆమె చదువుచున్న దీపము ఆరిపోయెను.

దీనికి కారణమేమి? క్రొత్తగా ఏర్పడిన సల్ఫేటు స్ఫటికములు సన్ననివి. వెంటనే చార్జి చేసినచో సులభముగా మారిపోవును. బ్యాటరీని ఖాళీగా విడిచినచో అవి పెరిగి గట్టిపడి, పలకలను కప్పివేయును. అంత భాగము మరల పనికిరాదు. అదియునుగాక, పలకలపై పదార్థము మాటిమాటికి మిక్కిలిగా వ్యాకోచ సంకోచములు పొందుటచే రాలి అడుగున చేరును.

కావున 12 వోల్టుల బ్యాటరీ పని చేయుచుండగా 10.5 వోల్టులకు దిగువకు పోనీయరాదు. వీలైనంతవరకు సగము శక్తితో సరిపెట్టుకొని, వెంటనే నింపవలెను. నీరు పోయు రకమైనచో పలకలు తేలకుండ శుద్ధజలమునే పోయవలెను. మోటారు బండి బ్యాటరీ పలకలు పలుచనివి. అవి క్షణకాలము అధికశక్తి నిచ్చుటకే గాని, రాత్రియంతయు దీపము వెలిగించుటకు తగినవి కావు. సీసము విషము, పాత బ్యాటరీని ఇంట పగులగొట్టక అమ్మకందారునకే తిరిగి ఈయవలెను.

అడుగంట తోడిన బావిలో బురదయే మిగులును. ఊట ఊరుటకు వ్యవధి నిచ్చి తోడుకొనువాని బావి ఏడాది పొడవున నీరిచ్చును. బ్యాటరీ విషయమును అట్టిదే.