మిషన్ అనుమానపడితే స్లైడు తీయండి

డీఎంఎల్‌టీ పాసై సూర్యారావుపేటలోనో గుడివాడలోనో ల్యాబులో చేరిన పిల్లలు మొదటి నెలలోనే అడుగుతారు, ఫ్లో సైటోమెట్రీ ఎప్పుడు నేర్పిస్తారని. నేర్చుకుందురు గాని, ముందు స్లైడు మీద చెయ్యి కుదరనివ్వండి.

రక్త క్యాన్సర్ ఆ పేరు చెప్పుకుని రాదు. నెల్లాళ్లుగా జ్వరం, నీరసం అంటూ సీబీపీ చీటీ పట్టుకుని వస్తుంది. సెల్ కౌంటర్ తనకు అంతుపట్టని కణాలుంటే ఫ్లాగ్ ఇస్తుంది. రాత్రి ఏడింటికి శాంపిళ్లు బారులు తీరి ఉంటే, దాన్ని చూసీచూడనట్టు రిపోర్టు కొట్టేయాలనిపిస్తుంది. అక్కడే ఆగండి. ట్యూబును మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేసి స్మియర్ లాగండి. ప్లేట్‌లెట్లు మరీ తక్కువ చూపిస్తే అవి స్లైడులో గుంపులు కట్టాయేమో కూడా చూడండి. లేని జబ్బు అంటగట్టడమూ తప్పే కదా.

మన డెల్టా తేమ స్లైడుకు పగ. స్మియర్ ఆరడం ఆలస్యమైనా, లీష్‌మన్ స్టెయిన్‌లోని మిథనాల్ నీరు పీల్చినా ఎర్రకణాల మీద మెరుపు చుక్కలు లేచి, చూడాల్సింది కనబడదు. సీసా మూత బిగించండి, కొద్దికొద్దిగా చిన్న సీసాలోకి పోసుకోండి, స్లైడు వెంటనే ఆరబెట్టండి. బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి. బోరు నీళ్లు వాడి, రంగు రాలేదని స్టెయిన్‌ను తిట్టకండి. ఆరిన స్లైడును మూత లేకుండా వదిలితే ఈగలు తినేస్తాయి. నవ్వకండి, నిజంగానే తింటాయి.

పెద్ద కేంద్రకం, లేత క్రోమాటిన్, న్యూక్లియోలస్‌లు ఉన్న కణాలు కనిపిస్తే పేరు మీరు పెట్టొద్దు. పాథాలజిస్టుకు చూపించండి, రోగి బంధువుల దగ్గర నోరు జారకండి. వాటిలో సన్నని పుల్లల్లాంటి అవర్ రాడ్లు కట్టలుగా ఉంటే మాత్రం అప్పటికప్పుడు ఫోన్ చేయాలి. అది ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్ కావచ్చు. రక్తస్రావంతో ప్రాణం మీదికొస్తుంది కాబట్టి, అనుమానంతోనే అట్రా మందు మొదలుపెడతారు.

మజ్జ తీసిన రోజు తికమక ట్యూబుల దగ్గర. మొదట లాగింది స్లైడులకే. ఫ్లోకు పర్పుల్ ట్యూబు చాలు. క్రోమోజోముల పరీక్షలో కణాలు బతికి విభజన చెందాలి కాబట్టి హెపారిన్ ఉన్న గ్రీన్ ట్యూబు కావాలి. బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్‌కు మళ్లీ పర్పులే, హెపారిన్ అక్కడ అడ్డు. ఎండాకాలం హైదరాబాదుకు పంపేటప్పుడు చల్లని జెల్ ప్యాక్ ట్యూబుకు తగలకూడదు, శాంపిల్ గడ్డకడితే పనికిరాదు. పొరపాటు మనది, తుంటి ఎముకలో రెండో సూది రోగికి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం చేసిన అమినోప్టెరిన్‌ను 1947 చివర్లో ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూసిన సిడ్నీ ఫార్బర్ వృత్తిరీత్యా పాథాలజిస్టు, అంటే మైక్రోస్కోపు మనిషి. మీరూ పాథాలజిస్టును అడిగి, పేర్లు తీసేసిన పాత స్లైడులు రోజుకు రెండు చూడండి. ఏడాది తర్వాత ఫ్లో సెక్షన్‌లోకి పంపమని అడిగేటప్పుడు, మీ చేత్తో లాగిన నాలుగు స్మియర్లు వెంట తీసుకెళ్లండి.