పసివాడికి పింఛన్ రాదా?

ప్రశ్న: మాది మద్నూర్ మండలం. మా బాబుకు ఆరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల నడవలేడు. దివ్యాంగుల పింఛన్‌కు పద్దెనిమిదేళ్లు నిండాలని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. వృద్ధాప్య పింఛన్‌కు వయసు చూస్తారు కాబట్టి దీనికీ అంతేననుకుంటారు. దివ్యాంగుల పింఛన్‌కు వయసు పరిమితి లేదు. చూసేది వైకల్య శాతం, కుటుంబ ఆర్థిక స్థితి. నడవలేని బిడ్డకు కనీసం 40 శాతం ఉండాలి. అందుకే ముందు ధ్రువపత్రం. యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుని, ఆధార్, పాత వైద్య కాగితాలతో వైద్య పరీక్షకు వెళ్లండి. పిల్లలకు తాత్కాలిక పత్రమే ఇస్తారు, దానికి విలువేముంటుందని కొందరు నిరుత్సాహపరుస్తారు. గడువు తీరేదాకా అది చెల్లుతుంది. ఎదిగే బిడ్డను మళ్లీ పరీక్షించడం సబబే. గడువుకు ముందే మళ్లీ దరఖాస్తు చేసుకోండి. సరిహద్దు ఊరు కనుక మహారాష్ట్రలో పత్రం పొంది ఉంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అది దేశమంతటా చెల్లుతుంది. పింఛన్ అడగాల్సింది మాత్రం మీరు నివసించే చోటే. పంచాయతీ కార్యదర్శికి గానీ ఎంపీడీవో కార్యాలయంలో గానీ దరఖాస్తు ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి. మంజూరు ఆలస్యం కావచ్చు, అయినా దరఖాస్తు ఆపకండి.

శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు హక్కు ఉంది. వయసు సాకుతో దరఖాస్తు తీసుకోకపోతే, కామారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి కాగితాలతో నేరుగా వెళ్లండి.