పొగ మానినవారు ఆవిరిని కూడా మానవలెనా?

సిగరెట్టు వల్ల కలిగే హానికి ప్రధాన కారణం పొగాకు మండినపుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడు మొదలైనవి. నికోటిన్ వ్యసనానికి మూలం. ఈ-సిగరెట్టులో మంట ఉండదు. విద్యుత్తుతో వేడెక్కిన ద్రవం ఆవిరియై నికోటిన్‌ను అందిస్తుంది. కనుక పొగ తాగేవారికి ఈ మార్పు మేలే. తాగనివారికి అనవసరపు ముప్పు.

2019లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో 886 మంది పాల్గొన్నారు. ఏడాది తరువాత ఈ-సిగరెట్టు వాడినవారిలో 18 శాతం, నికోటిన్ పట్టీల వంటివి వాడినవారిలో 9.9 శాతం పొగ మానగలిగారు. అయితే ఈ-సిగరెట్టుతో మానినవారిలో 80 శాతం అప్పటికీ దానిని విడువలేదు.

దశాబ్దాల తరబడి ఆవిరి పీల్చిన ఫలితం ఇంకా తేలలేదు. అందుచేత దీనిని మజిలీగానే భావించి, నికోటిన్ మోతాదును క్రమంగా తగ్గిస్తూ మానుట ఉత్తమం. తొందరపడి మానబోయి తిరిగి సిగరెట్టు ముట్టరాదు. భారతదేశంలో వీటి దిగుమతి, విక్రయం 2019 నుండి నిషిద్ధమని స్వదేశానికి వెళ్ళే ప్రయాణికులు గమనించగలరు.