బదిలీ కాగితంలో ఆ మూడో లైను

మొన్న సాయంత్రం పి.గన్నవరం అక్విడక్టు దాటి ఒక ఉద్యోగిని మా ఇంటికొచ్చారు. చేతిలో ఒక్క పేజీ ఉత్తర్వు. బదిలీ ఎక్కడికంటే వైనతేయ పాయ అవతలున్న లంక గ్రామ సచివాలయానికి. వరదొస్తే అక్కడికి పడవే దిక్కు.

"మా ఆయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్సండీ. అమలాపురం నేనే తీసుకెళ్లాలి. కోర్టుకి ఈ మాట చెబితే ఆపేస్తారు కదండీ?"

ఆపరు. ఆ మాట చెప్పడానికి నాకే మనసొప్పలేదు గానీ, అబద్ధపు ఆశ పెట్టలేను కదా. బదిలీ ఉద్యోగంలో భాగమన్నది కోర్టులు ఏనాడో స్థిరపరచిన సూత్రం. ఎస్.ఎల్.అబ్బాస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని షిల్లాంగ్ నుంచి పౌరీకి మార్చారు. భార్య ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ షిల్లాంగ్‌లోనే. భార్యాభర్తల్ని వీలైనంతవరకు ఒకేచోట ఉంచాలన్న మార్గదర్శకం ఉన్నా, అది కోర్టులో అమలు చేయించుకునే హక్కు కాదని 1993లో సుప్రీంకోర్టు తేల్చింది. బదిలీల సీజన్లో మన ప్రభుత్వం ఇచ్చే జీవోలను కూడా కోర్టులు చాలావరకు ఇలాగే చూస్తాయి.

చట్టం ఉన్నచోట లెక్క వేరు. ఉపాధ్యాయుల బదిలీలకు మన అసెంబ్లీ 2025లో ప్రత్యేక చట్టమే చేసింది. అలాంటి చట్టాన్ని గానీ, తప్పనిసరి నిబంధనను గానీ మీరిన ఉత్తర్వులో కోర్టు జోక్యం చేసుకుంటుంది. అధికారం లేని అధికారి సంతకం పెట్టినా అంతే.

"ఆ కాగితం ఇలా ఇవ్వండమ్మా" అన్నాను. మొదటి రెండు లైన్లూ మామూలే. మూడో లైన్లో ఉంది అసలు విషయం: 'అందిన ఫిర్యాదుల దృష్ట్యా'.

"మీకు మెమో ఇచ్చారా? సంజాయిషీ అడిగారా?"

"ఏమీ లేదండీ. ఫిర్యాదు ఎవరిచ్చారో కూడా తెలీదండీ."

ఆవిడ ఆశ పెట్టుకోవాల్సింది ఈ లైను మీద. సోమేశ్ తివారీ అనే సెంట్రల్ ఎక్సైజ్ అధికారిని ఆకాశరామన్న ఫిర్యాదు ఆధారంగా భోపాల్ నుంచి షిల్లాంగ్‌కు పంపారు. విచారణలో ఆరోపణలు నిలబడలేదు. శిక్షకు బదులుగా వేసిన బదిలీ చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగి మీద తప్పు మోపాలంటే ఛార్జిమెమో ఇవ్వాలి, జవాబు వినాలి, విచారణ జరపాలి. ఆ బాధ పడకుండా మనిషిని లంకకి పంపేసి పని అయిపోయిందనుకోవడం కుదరదు. అయితే పరిపాలన అవసరం కొద్దీ పంపామని అధికారులు రికార్డు చూపిస్తే కోర్టు దాన్నీ పరిశీలిస్తుంది. గెలుపు ఖాయమని నేను అనను.

అధికారి కక్ష కట్టి చేశాడని చాలామంది అంటుంటారు. అలా అనేటప్పుడు ఆ అధికారిని పేరుతో సహా ప్రతివాదిగా చేర్చాలి, తేదీలతో సంఘటనలు చూపాలి. తమిళనాడు ప్రధాన కార్యదర్శిగా చేసిన రాయప్ప అంతటివారే 1974లో దురుద్దేశాన్ని రుజువు చేయలేకపోయారు.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఇంకొకటుంది. సిక్ లీవు పెట్టి, కొత్తచోట చేరకుండా ఇంట్లో కూర్చోవడం. గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి పోషాణీ అలాగే చేరకుండా ఉండిపోయి ఉద్యోగమే పోగొట్టుకున్నారు. 1989లో సుప్రీంకోర్టు బోర్డునే సమర్థించింది. బదిలీ ఆపమని పై అధికారికి అర్జీ పెట్టుకున్నంత మాత్రాన ఉత్తర్వు ఆగదు. కోర్టు స్టే ఇస్తే తప్ప చేరి తీరాల్సిందే. చేరినంత మాత్రాన బదిలీని సవాలు చేసే హక్కు పోదు. కానీ ఆలస్యం చేయకండి. మీ సీట్లోకి ఇంకొకరు వచ్చి చేరాక వారినీ కేసులో చేర్చాలి, స్టే దొరకడమూ కష్టమవుతుంది.

డయాలసిస్ మాట అధికారికిచ్చే ఆ అర్జీలోనే రాయమన్నాను, ఆసుపత్రి కాగితాలు జతచేసి. కష్టాన్ని తూచి చూసే వెసులుబాటు అధికారికి ఉంది. బదిలీల విధానం రూపొందించేటప్పుడు ఉద్యోగి కుటుంబ జీవితాన్ని ప్రభుత్వం లెక్కలోకి తీసుకోవాలని 2022లో నౌషాద్ రెహమాన్ కేసులో సుప్రీంకోర్టు గుర్తుచేసింది కూడా. ఆ అర్జీని ఫలానా గడువులో పరిశీలించమని హైకోర్టు ఆదేశించి పంపడం తరచూ జరిగేదే. అందుకే అర్జీ గట్టిగా ఉండాలి.

ఒకప్పుడు ఇలాంటి కేసులకి రాష్ట్ర ఉద్యోగులు పరిపాలనా ట్రిబ్యునల్‌కి వెళ్లేవారు. ఆ ట్రిబ్యునల్ తీర్పుల్ని రాష్ట్ర ప్రభుత్వమే కొట్టేసే అధికారం రాజ్యాంగంలోని 371-డి అధికరణలో ఉండేది. 1987లో పి.సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. కేసులో ఓడినవాడే తీర్పును తిరగరాసే పద్ధతి అది, పోవడమే మంచిదైంది. 2019లో ట్రిబ్యునల్ కూడా రద్దయింది. ఇప్పుడు 226 అధికరణ కింద నేరుగా అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయాలి. కేంద్ర ఉద్యోగులైతే ముందు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌ (క్యాట్)కి వెళ్లాలి.

లాయరు ఖర్చు తలచుకుని ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టమే ఇచ్చింది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఆవిడ మా వరండాలోనే కూర్చుని రెండు అర్జీ ప్రతులు రాసుకున్నారు. ఒకటి ఆఫీసుకి. రెండో దాని మీద 'ముట్టినది' అని రాయించి, తేదీతో సీలు వేయించుకోమన్నాను. మర్నాడు పదిన్నరకి ఆ సీలు ఫొటో నా ఫోనుకి వచ్చింది. మధ్యాహ్నం ఆవిడ లంకలో చేరారు.