బాయిలర్ ట్యూబుల్లో సున్నం: ఆసిడ్‌ను కదిలించండి

బోధన్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర మిల్లులో ట్యూబులు కడగడం నేర్చిన చేతికి నిజామాబాద్ చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఇప్పటికీ విలువుంది. అక్కడ బోరునీటి సున్నం బాయిలర్ ట్యూబులకు పట్టి ఆవిరి తగ్గగానే చాలామంది ఆసిడ్ ఘాటు పెంచుతారు. దాంతో ఇనుము దెబ్బతింటుంది, సున్నం మాత్రం మిగిలిపోతుంది.

హైడ్రోక్లోరిక్ ఆసిడ్ సున్నాన్ని తాకగానే కరిగిస్తుంది. ఆలస్యమంతా కొత్త ఆసిడ్ సున్నపు పొర దాకా చేరడంలోనే. నిలవ ఉన్న ఆసిడ్ పొర పక్కనే చచ్చుబడిపోతుంది. అందుకే పలచని ఆసిడ్‌ను పంపుతో తిప్పుతూ ఉండాలి.

తిప్పినా ఒక చిక్కుంది. ఆసిడ్ తెరిచి ఉన్న ట్యూబుల్లోంచే పోతుంది, మూసుకుపోయినవాటిని తాకదు. చమురు బావుల్లో సున్నపురాయిలోకి ఆసిడ్ పంపినప్పుడూ ఇంతే: సులువైన దారి దొరికిన చోటే పెద్ద రంధ్రాలు పడతాయి. కాబట్టి ముందు బ్రష్‌తో ప్రతి ట్యూబూ తెరవండి.

మొదలుపెట్టే ముందు ఒక పెచ్చు తీసి పలచని ఆసిడ్‌లో వేయండి. బుసబుస పొంగి కరిగితే సున్నమే. కదలకుండా ఉంటే అది సిలికా గానీ సల్ఫేటు గానీ కావచ్చు, ఈ పద్ధతి పనికిరాదు. సల్ఫ్యూరిక్ ఆసిడ్ వాడొద్దు. సున్నం మీద జిప్సం పొర కట్టి పని ఆగిపోతుంది.

కిలో సున్నానికి (నీళ్లు లెక్కలోకి తీసుకోకుండా) 730 గ్రాముల అసలు హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పడుతుంది, దాదాపు 240 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందుకే ఆసిడ్‌ను కిందినుంచి ఎక్కించి, పైన గాలిగొట్టం తెరిచి ఉంచండి. ఆ వాయువు గాలికన్నా బరువు, అడుగున నిలుస్తుంది. గాలి పరీక్షించకుండా బాయిలర్ డ్రమ్ములోకి దిగొద్దు. ఇనుముతో కలిసి హైడ్రోజన్ కూడా పుడుతుంది కాబట్టి దగ్గర్లో మంట, బీడీ ఉండకూడదు.

ఇనుమును కాపాడే ఇన్హిబిటర్ తప్పక కలపండి. నీళ్లలోనే ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా మొదలుపెట్టొద్దు.

అరగంటకోసారి ఆసిడ్ బలం కొలవండి. వరుసగా రెండుసార్లు తగ్గకపోతే ఆపేయండి, ఆపైన అది తినేది ఇనుమునే. ఖాళీ చేసి, వాషింగ్ సోడా కలిపిన నీటితో తటస్థం చేసి, బాగా కడగండి. వాడిన ఆసిడ్‌ను కాలువలోకి వదలొద్దు, పొలాలు అక్కడే ఉన్నాయి.